జింకల మడి

"నువ్వు జింక మాంసం తిన్నావా, లేదా?"

1991 సెప్టెంబరులో ఒక శుక్రవారం పొద్దున, మస్కట్ పక్క అల్ అమెరాత్ దాటి కొండల్లోకి పోయాక వచ్చే ఒక తోటలో, ఆ తోట యజమాని పదకొండుమంది కూలీలను వరసగా నిలబెట్టి హిందీలో అడిగిన ప్రశ్న ఇది. ఆయన్ని అందరూ అర్బాబ్ అనేవారు. అక్కడ యజమానికి ఆ ఒక్క మాట చాలు, పేరుతో పనిలేదు. అల్ హైల్ క్యాంపు నుంచి కంపెనీ బండిలో ఎక్కించుకొచ్చిన పదకొండుమందిలో మొదటి పదిమంది తల అడ్డంగా ఊపారు. ఔనంటే పోలీసులకు పట్టిస్తాడని భయం. అందులో ఇద్దరు పుట్టింది మొదలు మాంసం ముట్టలేదని చెవులు పట్టుకున్నారు. ముందురోజే కోడికూరలో ముక్కలు తక్కువ పడ్డాయని ఆ ఇద్దరూ గిన్నెలు విసురుకున్నారు. చివర నిలబడ్డ ఇస్తారి మాత్రం "తిన్న" అన్నాడు.

"ఎన్నిసార్లు?"

"మస్తుసార్లు."

"వీడు ఉండనీ. మిగతావాళ్లను తీసుకుపోండి," అన్నాడు అర్బాబ్.

దీన్నిబట్టి ఇస్తారి నిజాయితీపరుడని అనుకుంటే పొరపాటు. అతనికి నడుము నొప్పి. మూడేళ్లుగా సెంట్రింగు చెక్కలు మోసి మోసి, ఎండలో ఇంకో పావుగంట నిలబడటం కంటే జైలైనా మేలే అనిపించింది. గల్ఫు కూలీల గురించి రాసేవాళ్లు, మాట్లాడేవాళ్లు ముందుగా గొంతులో తడి పెట్టుకుంటారు. ఆ తడికి ఇస్తారి అసలు పనికిరాడు. రూములో పక్కవాడి సబ్బుతో స్నానం చేసేవాడు. అడిగితే సబ్బు అరిగిపోవడం దాని గుణం అనేవాడు. ఇంటి మీద బెంగతో కాదు గానీ, తమ్ముడి మీద కోపంతో అతనికి నిద్రపట్టేది కాదు.

ఆ కోపానికి కారణం జగిత్యాల దిక్కు అతని ఊళ్లో ఉన్న మూడెకరాల చెలక. ఇస్తారి 1988లో విమానం ఎక్కిన దగ్గర్నుంచి, పక్క చెలక దున్నే తమ్ముడు ఏటా గట్టును కాస్త కాస్త ఇటు జరుపుతున్నాడు. భార్య దేవవ్వ మాటలు నింపి పంపిన క్యాసెట్టులో ఇదొక్కటే సంగతి, రెండు వైపులా.

"వింటున్నవా, మల్ల రెండు సాళ్లు మన దిక్కు జరిగిండు. కొలిపిద్దామంటె పట్వారి, మొగోడు రావాలె అంటున్నడు. నేనేమన్న ఆడోళ్ల కొలత అడిగిన్నా? వచ్చే మిరుగం లోపట నువ్వు రాకపోతె ఆడ విత్తనం నీ తమ్ముడే ఏస్తడు. ఏసినంక అది ఆయనదే."

మిరుగమంటే మృగశిర కార్తె, జూన్ మొదటి వారం దాటగానే వస్తుంది. రెండేళ్లకు ఒకసారి టికెట్ ఇచ్చి సెలవు మీద పంపుతామన్న కంపెనీ, కువైట్ యుద్ధం వంక పెట్టి మూడేళ్లయినా పంపలేదు. పాస్‌పోర్టు ఆఫీసు బీరువాలో ఉంది. ఆ కంపెనీ కూడా ఈ అర్బాబ్‌దే.

అర్బాబ్ కోరిక చిన్నది. కొండ అవతల ఇంకో ధనికుడు ఇనుప కంచెలో రెండు జింకలను పెంచి అతిథులకు చూపిస్తున్నాడు. అది ఈయనకు నచ్చలేదు. కంచెలో జింకను ఎవడైనా చూపిస్తాడు. తన ఇంటి ముందుకు మాత్రం అడవి జింక తనంత తానుగా రావాలి, మేయాలి. తాను అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ, పిలవకుండానే వచ్చిందని చెప్పాలి. వాటికోసం పచ్చిక మడి వేయాలి. జింకను తిన్నవాడికి జింక ఏం తింటుందో తెలిసి ఉంటుందని ఆయన తర్కం. తర్కంలో తప్పు లేదు. ఆ మొత్తం వ్యవహారంలో తప్పులేనిది అదొక్కటే.

"నా కళ్లతో చూసిన రోజు నీకు టికెట్. పైన డెబ్బై అయిదు రియాళ్లు," అన్నాడు. సాక్షి వెంకటేశ్వర రావు.

వెంకటేశ్వర రావు కంపెనీలో పర్చేజ్ ఆఫీసరు. కృష్ణా జిల్లా మనిషి, ఘుబ్రాలో ఫ్లాటు, వ్యవసాయంలో డిగ్రీ. డిగ్రీ చేతికొచ్చాక ఆయన మట్టి తొక్కిన దాఖలా లేదు. మడి బాధ్యత తనదే కావాలని అర్బాబ్‌ని అడిగి మరీ తీసుకున్నాడు. జింకలకు మడులు వేసే పద్ధతి ఒక అమెరికా వేటగాళ్ల పత్రికలో దొరికింది. అక్కడివాళ్లు మడి వేసేది జింక వచ్చి మేస్తుంటే కాల్చడానికి. అది ఆయన సున్నితమైన మనసుకు ఇబ్బంది కలిగించింది. కాబట్టి పత్రికలో తుపాకీ ఉన్న ప్రతి బొమ్మ మీదా తెల్లకాగితం ముక్క అంటించి, మిగతాది చదువుకున్నాడు.

"క్లోవర్ గడ్డి వేద్దాం ఇస్తారీ. ప్రపంచంలో జింకలన్నీ క్లోవర్‌కి ప్రాణమిస్తాయి," అన్నాడు.

ఇస్తారి వంగి చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకున్నాడు. "ఇది చౌడు, సార్. మొలుస్తది గని నిలవది."

"నాలికతో భూసార పరీక్ష చేస్తున్నావా? ఇక్కడి నేలల స్వభావం వేరయ్యా."

క్లోవర్ మొలిచింది. పదో రోజుకు అంచులు తెల్లబడి, పన్నెండో రోజుకు దుమ్ములో కలిసింది. నేల స్వభావం వేరని నేను ముందే చెప్పానుగా అన్నాడు వెంకటేశ్వర రావు.

ఆ తర్వాత ఇస్తారి తనకు తెలిసిన పని చేశాడు. మడికి గట్లు పోసి, మోకాలి లోతు నీళ్లు నిలబెట్టి, ఉప్పు దిగేదాకా ఉంచి, కింది వైపు గండి కొట్టి వదిలేశాడు. అలా మూడుసార్లు. మేకల దొడ్ల నుంచి ఎరువు తెచ్చి కలిపాడు. అక్కడి రైతులు మేకలకూ ఒంటెలకూ వేసే పచ్చగడ్డి ఒకటుంది, దాన్ని గత్ అంటారు. ఆవగింజ కంటే సన్నటి ఆ విత్తనాన్ని ఇసుకలో కలిపి చల్లాడు. అంచుల్లో బొబ్బర్లు పెట్టాడు. వెంకటేశ్వర రావు జొన్న కూడా వేయమన్నాడు. ఇస్తారి వేయనన్నాడు.

"జొన్న కోసినంక వచ్చే పిలకల నాము ఉంటది, సార్. నీళ్లు తక్కువైతె ఇసమే. మేసిన గొడ్డు అక్కడ్నే పడ్తది. జింక పడితె నా టికెట్ గూడ పడ్తది."

"మూఢనమ్మకాలతో సేద్యం చెయ్యలేం," అన్నాడు వెంకటేశ్వర రావు. వారం తర్వాత జొన్న సంగతి మళ్లీ ఎత్తలేదు. ఇంట్లో పాత పాఠ్యపుస్తకం తెరిచి చూసుకుని ఉంటాడు. పుస్తకంలో ఉన్నాక అది మూఢనమ్మకం కాదు కదా.

డిసెంబరుకల్లా అర్బాబ్ ఇంటి ముందు అరెకరం పచ్చబడింది. చుట్టూ బూడిద రంగు రాళ్లు, మధ్యలో ఆ పచ్చదనం చూడటానికి కాస్త సిగ్గులేకుండా ఉంది. జింక మాత్రం రాలేదు. ఎలా వస్తుంది? పక్కనే జనరేటరు. అరుగు మీద గుడ్డిదానికైనా కనిపించేంత లైటు. ఇస్తారి ఎండిన వాగు వెంబడి పైకి నడిచాడు. గంటసేపు నడిచాక ఒక రేగు చెట్టు కింద నల్లటి పెంటికలు, వేలెడు గిట్టల జాడలు కనిపించాయి. అక్కడే బండ మీద కూర్చుని బీడీ తాగి, ఒక నిర్ణయానికొచ్చాడు. జింక ఇంటికి రాదు. దారి పొడుగునా ఊరిస్తూ తీసుకురావాలి. రేగు చెట్టు దగ్గర్నుంచి ఇంటిదాకా వాగు ఒడ్డున ఏడు చిన్న మళ్లు, ఒక్కోటి మంచమంత. మొదటిది మేసి తలెత్తితే రెండోది కనిపించాలి.

ఆలోచన మంచిది. పనిమంతుడి ఆలోచన. నీళ్లు ప్రభాకర్ తెచ్చిపోసేవాడు. ఇస్తారికి రూమ్మేటు, సిరిసిల్ల వాడు, కంపెనీ నీళ్ల ట్యాంకరు నడుపుతాడు. వారానికి రెండు ట్రిప్పులు, లెక్కలో రాయకుండా. జనవరిలో మొదటి మూడు మళ్లలో గిట్టలు పడ్డాయి.

అంతలో వాగు అవతలి ఊరి మేకలు వచ్చాయి. ముళ్లతీగ కట్టొద్దని అర్బాబ్ ముందే చెప్పాడు. జింక చర్మం చీరుకుపోతే అతిథులకు బాగుండదు. మరి మడిని ఎలా కాయాలి? ఇస్తారి ఆలోచించలేదు. ఆలోచించాల్సిన పనేముంది? పచ్చగా మొలక వచ్చింది, దాన్ని కాయాలి, చుట్టూ పాత చీరలు కట్టాలి. ఊళ్లో తల్లి రాములవ్వ ప్రతి ఏడూ పెసరచేను చుట్టూ అదే కట్టేది. గుంజ పాతడం, కొంగు ముడేయడం ఇస్తారికి పదేళ్ల వయసు నుంచీ చేతికొచ్చిన పని. ఇబ్బందల్లా క్యాంపులో చీరలు లేకపోవడం.

వెంకటేశ్వర రావు ఆ సంగతి భార్యతో చెప్పాడు. శేషుకుమారి ఘుబ్రాలో తెలుగు కుటుంబాల మహిళా బృందానికి కార్యదర్శి. ఆవిడకు సేవ అంటే మహా ఇష్టం, ముఖ్యంగా ఇంట్లో అలమర ఖాళీ చేయాల్సిన రోజుల్లో. పది రోజుల్లో ఇరవై ఆరు చీరలు పోగుచేసింది. ఒక్కొక్క చీర అంచుకూ ఇచ్చినవారి పేరుతో చీటీ కుట్టించింది. అప్పగించే రోజున ఇస్తారిని ఫ్లాటు గుమ్మంలో నిలబెట్టి పావుగంట మాట్లాడింది.

"ఇవి గుడ్డలు కావు ఇస్తారీ. మూగజీవాలకి మేం కడుతున్న రక్ష. పేర్లు బయటికి కనబడేలా కట్టు."

"ఎవలకు గనపడాలమ్మా? జింకలకా?"

"ఫోటోలకయ్యా," అంది ఆవిడ, ఏమాత్రం తడుముకోకుండా.

ఇస్తారి కట్టాడు. ఏడు మళ్ల చుట్టూ రంగురంగుల నైలాను, వాయిలు, ఒక పాత వెంకటగిరి. గాలి వీస్తే లోయంతా పెళ్లి పందిరిలా ఊగేది. మేకలు మొదటిరోజు దూరం నుంచి చూశాయి. రెండో రోజు దగ్గరకొచ్చి వెంకటగిరిని రుచి చూశాయి. అవి అట్టపెట్టెలు తిని పెరిగిన మేకలు, నూలు చీర వాటికి పండగ. జింకల జాడ మాత్రం ఆ రోజు నుంచి లేదు. ఒక్క గిట్ట పడలేదు. వారం, రెండు వారాలు, మూడు. ఇస్తారి ప్రభాకర్‌ని తిట్టాడు, ట్యాంకరు డీజిలు కంపు కొడుతోందని. ఎరువును అనుమానించాడు. మెరుపులు లేని ఆకాశాన్ని కూడా అనుమానించాడు. చీరల ముడులు వదులైతే మళ్లీ బిగించి వచ్చేవాడు.

ఫిబ్రవరి మధ్యలో ఒక మధ్యాహ్నం ఇద్దరూ ట్యాంకరు నీడలో అన్నం తింటున్నారు. ప్రభాకర్ ఊగుతున్న చీరలను చూస్తూ చూస్తూ, నమలడం ఆపి అడిగాడు.

"అన్నా, మీ అవ్వ పెసరచేనుకు చీరెలు ఎందుకు కట్టేది?"

"జింకలు రాకుంట."

"మరి నువ్వెందుకు కట్టినవ్?"

"మేకలు రాకుంట."

ప్రభాకర్ ఇంకో ముద్ద పెట్టుకుని, నెమ్మదిగా నమిలి మింగాడు. "ఇవి మేకలకు కట్టినయి, మీకు కట్టినయి గావని జింకలకు ఎవలు చెప్పిండ్రే?"

ఇస్తారి తలెత్తకుండా గిన్నెలో పప్పు అయిపోయేదాకా తిన్నాడు, గిన్నె ఇసుకతో తోమాడు, నోరు పుక్కిలించాడు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, జింకలను తరమడంలోనే బాల్యమంతా గడిపినవాడు, వాటిని పిలవడానికి కూడా అదే చీర కట్టాడు. చేతులకు తెలిసిన పనిని బుర్ర ఒక్కసారైనా అడిగి చూడలేదు. అనుభవజ్ఞుడైన రైతు అని మనం తలవంచే శాల్తీలో ఇంత ఉంటుంది.

"ఊకోరాదు తమ్మీ," అన్నాడు చివరికి. "ఎవలకు చెప్పకు."

"చెప్ప. క్యాంపుల నూటఎనభై మందే గద ఉన్నది."

ఆ సాయంత్రమే ఇస్తారి వెళ్లి చీరలు విప్పేస్తానని వెంకటేశ్వర రావుతో చెప్పాడు. మార్చి ఆరున, శుక్రవారం, మహిళా బృందం ఫోటోలకు వస్తోందనీ అప్పటిదాకా ఒక్క చీరా ముట్టుకోవద్దనీ ఆయన అన్నాడు.

"అయి ఉంటె జింక రాదు, సార్. మా ఊళ్లె జింకను ఎల్లగొట్టెతందుకే కడ్తరు."

"మీ ఊళ్లో మీరు వెళ్లగొట్టాలనే ఉద్దేశంతో కట్టారు. ఇక్కడ మన ఉద్దేశం వేరు. మూగజీవాలు మన భావాన్ని గ్రహిస్తాయి."

శేషుకుమారి లోపలి నుంచి అందుకుంది. "మా చీరలు చూసి భయపడతాయా? అవి మనసున్న జీవాలయ్యా."

ఇస్తారి లెక్క వేసుకున్నాడు. మార్చి ఆరు దాకా ఆగితే ఇంకో మూడు వారాలు పోతాయి. బెదిరిన జింక మళ్లీ మొదటి మడికి రావాలి, రెండోదానికి అలవాటు పడాలి, అలా ఇంటిదాకా దిగిరావాలి. ఏప్రిల్ దాటితే ఎండలు. జూన్‌లో మిరుగం. అవతల తమ్ముడు విత్తనాల బస్తా విప్పుతాడు.

మర్నాడు తెల్లవారగానే ప్రభాకర్, అతనూ కలిసి చీరలన్నీ విప్పేశారు. మేకలు నమిలిన పీలికలు మాత్రం గుంజలకే వదిలేశారు. తొమ్మిదింటికి వెంకటేశ్వర రావు వచ్చాడు.

"చీరలేవి?"

"మేకలు తిన్నయి, సార్."

"ఇరవై ఆరూనా?"

"ఒక్కటిడిసిపెట్టలే. పేర్లు గూడ తిన్నయి."

వెంకటేశ్వర రావు నమ్మాడు. జింకకు మనసుందని నమ్మేవాడు మేకకు అంత కడుపుందని నమ్మలేడా? ఆ చీరలు అల్ హైల్ రూములో పన్నెండు మంచాలకు పరదాలయ్యాయి. చదువొచ్చినవాళ్లు దాతల పేర్లు చదివి, చదువురానివాళ్లకు పరిచయం చేశారు. మార్చి ఆరున మహిళా బృందం వచ్చి, చీరలు లేని మడి పక్కన నిలబడి ఫోటో దిగింది. సావనీరులో దాని కింద 'ఎడారిలో పచ్చని తల్లులు' అని అచ్చేశారు.

చీరలు పోయాక మేకలను పగలంతా ఇస్తారే కర్ర పట్టుకుని తరిమాడు. ఆ ఫోటోకు వారం ముందే రెండో మడిలో గిట్టలు పడ్డాయి. నెలాఖరుకు అయిదో మడి. ఏప్రిల్ రెండో వారంలో ఒకరోజు, చేతి గీతలు కనపడీ కనపడని వెలుతురులో, ఇంటి ముందున్న అరెకరంలో నాలుగు జింకలు గత్ కొరుకుతూ కనిపించాయి. సన్నటి కాళ్లు, మేకంత కూడా లేని ఒళ్లు. ఇస్తారికి అవి అందంగా ఏమీ అనిపించలేదు. టికెట్ నాలుగు కాళ్ల మీద నిలబడి ఉంది, అంతే. రాత్రంతా ఆపి ఉంచిన జనరేటరు మోగగానే మాయమయ్యాయి.

ఇక్కడే చిక్కు వచ్చిపడింది. అర్బాబ్ ఈ తోట ఇంటికి వచ్చేదే శుక్రవారం సెలవుకు, గురువారం సాయంత్రం అతిథులతో దిగుతాడు. పొద్దుపోయేదాకా కబుర్లు చెప్పి, తెల్లవారుజామున లోపలే కాళ్లూ చేతులూ కడుక్కుని, నమాజు చేసుకుని మళ్లీ పడుకుంటాడు. అరుగు మీదికి వచ్చేది పదింటికి. అప్పటికి మిగిలేవి పెంటికలు. ఏప్రిల్ నెలంతా అతిథులు పెంటికలే చూశారు. వెంకటేశ్వర రావు కర్రతో ఒక్కొక్కటీ చూపించి వివరించాడు కూడా.

"నేను చూస్తానన్నది జింకను, దాని వెనకవైపు నుంచి వచ్చేదాన్ని కాదు," అన్నాడు అర్బాబ్.

పొద్దున్నే లేపుతానని ఇస్తారి బతిమాలాడు. కూలీవాడు లేపితే లేచే అలవాటు అర్బాబ్‌కి లేదు. మే వచ్చింది. కొండలన్నీ మాడిపోయి, లోయలో పచ్చగా ఉన్నది ఆ మడి ఒక్కటే అయింది. జింకలు రోజూ వస్తున్నాయి. చూడాల్సినవాడు మాత్రం నిద్రపోతున్నాడు.

మే ఇరవై రెండు, శుక్రవారం. తెల్లవారకముందే ఇస్తారి నిచ్చెన వేసుకుని మిద్దె ఎక్కి, ట్యాంకు నుంచి ఇంట్లోకి వచ్చే పైపు వాల్వు కట్టేశాడు. కిందికి దిగి అరుగు చివరున్న బయటి కుళాయి దగ్గర బకెట్టు పెట్టాడు. దానికి బోరు నీళ్లు నేరుగా వస్తాయి. గోడ పక్కన గొంతుక్కూర్చున్నాడు. కాసేపటికి లోపల కుళాయి దగ్గినట్టు శబ్దం వచ్చింది, ఆ వెంటనే అర్బాబ్ గొంతు. తలుపు తీసుకుని, విసుక్కుంటూ, అంగీ చేతులు మోచేతుల దాకా మడిచి బయటికొచ్చాడు. బకెట్టు మీదికి వంగినవాడు అలాగే ఆగిపోయాడు.

ఇరవై అడుగుల దూరంలో నాలుగు జింకలు. ఒకటి తలెత్తి చూసింది, నమలడం మాత్రం ఆపలేదు.

అర్బాబ్ పెదవులు మాత్రమే కదిలిస్తూ అడిగాడు. "నువ్వు తిన్నది ఇలాంటిదేనా?"

"మాదగ్గర ఇంతకంటె పెద్దగుంటయి," ఇస్తారి కూడా గొణిగాడు తన హిందీలో. "దీంట్లో ఏం లేదు. ఎముకలే."

అర్బాబ్ భుజాలు ఊగాయి. నవ్వు ఆపుకోలేక ముక్కుతో ఒక్కసారి శబ్దం చేశాడు. జింకలు లేవు. అవి నిలబడ్డచోట గడ్డి ఇంకా ఊగుతోంది.

ఇంట్లో నీళ్లెందుకు రాలేదని అర్బాబ్ అడగలేదు. తెలిసి అడగలేదో, తెలియకో. మే ముప్పైన ఇస్తారి చేతికి పాస్‌పోర్టూ టికెట్టూ వచ్చాయి. జూన్ మూడున ఊళ్లో దిగి, నాలుగున పట్వారిని, కొలత గొలుసును చెలక మీదికి తీసుకొచ్చాడు. దేవవ్వ చెప్పిన సాళ్లు కొలతలో ఇంకా ఎక్కువే తేలాయి. గట్టు పాత చోటికి పోయింది. తమ్ముడు మాట్లాడటం మానేశాడు, ఇస్తారి దాన్ని కూడా లాభంలోనే వేసుకున్నాడు. మిరుగం వానకు పెసర వేశారు. మొలక రాగానే దేవవ్వ పాత చీరలు తెచ్చి గట్టు మీద పడేసింది. ఇస్తారి గుంజలు పాతి కట్టాడు. ఆ ఏడు చేన్లో జింక అడుగుపెట్టలేదు.

అక్టోబరులో అతను తిరిగి మస్కట్ వచ్చేసరికి మడి ఎండి, మళ్లీ తెల్లటి చౌడు తేలింది. అర్బాబ్ ధ్యాస పడవల మీదికి పోయింది. ఆ ఏడాది ఘుబ్రాలో జరిగిన సభలో, ఎడారిలో జింకలకు పచ్చిక పరిచిన ప్రకృతి ప్రేమికుడని వెంకటేశ్వర రావుకు శాలువా కప్పారు. ఇస్తారిని మళ్లీ సెంట్రింగులో వేశారు. నడుము నొప్పితోనే ఇంకో అయిదేళ్లు చేశాడు. బోనస్ సంగతి అర్బాబ్‌ని అడిగితే రావునడుగు అన్నాడు, రావుని అడిగితే వోచరు రాలేదన్నాడు. 1997లో ఇస్తారి పూర్తిగా ఊరికి వచ్చేశాడు. ఆ డెబ్బై అయిదు రియాళ్లు ఇంకా రావాలి.